స్వరూప పంటి లెక్క

మిర్యాలగూడ మిల్లుల బజారులో స్వరూప పళ్ళకు ఒక పేరుండేది. అందం గురించి కాదు. పై వరుసలో ఒక పన్ను కాస్త ఎత్తు కూడా. ఆ పేరంతా పనితనం గురించే. ట్రాక్టరు మీది బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి పిడికెడు వడ్లు తీసి, అందులో నాలుగు గింజలు దవడ కింద పెట్టి కొరికిందంటే వాటిలో తేమ నూటికి ఎంతుందో చెప్పేసేది. "పంతొమ్మిది" అనేది. తేమ కొలిచే మిషన్‌లో పోసి చూస్తే పంతొమ్మిదే ఉండేది, మహా అయితే అర అటూ ఇటూ. మిషన్‌కైనా బ్యాటరీ అయిపోయేది కానీ స్వరూపకు అయిపోయేది కాదు.

వడ్ల మిల్లులో తేమ సంగతి ఆషామాషీ వ్యవహారం కాదు. పచ్చి వడ్లను ఎండు వడ్లనుకుని కొంటే డబ్బిచ్చి నీళ్ళు కొన్నట్టే. మరీ ఎండిపోయినవి కొంటే మిల్లులోంచి బియ్యం బదులు నూకలు రాలతాయి. ఎండాకాలపు యాసంగి కోతలప్పుడు రోజుకు నలభై ట్రాక్టర్లు వస్తాయి. బండికొకసారి మిషన్ పెట్టుకుని కూర్చుంటే ఆ వరస ఊరు దాటుతుంది. అందుకని మిల్లు యజమాని వీరేశం సేటు గేటు పక్కన రేకుల కింద ఒక బల్ల వేయించి, దాని ముందు స్వరూపను కూర్చోబెట్టాడు. రైతులు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పేవారు కాదు. ఒక పాయింటు ఎక్కువ చెప్పి రైతును ముంచదు, తక్కువ చెప్పి సేటును ముంచదు.

ఈ విద్య ఆమెకు బడిలో రాలేదు. సూర్యాపేట మార్కెట్ యార్డులో ఆమె తండ్రి లచ్చయ్య హమాలీ. ఏడేళ్ళప్పటి నుంచి తండ్రికి సద్ది పట్టుకెళ్ళి, వడ్ల కుప్పల మధ్య కూర్చుని, ఏమీ తోచక గింజలు కొరికేది. వ్యాపారులు కొరికి ధర చెప్పే ముందే తన మనసులో ఒక అంకె అనుకునేది. తర్వాత వాళ్ళ నోట ఏమొస్తుందో విని సరిచూసుకునేది. బాగా ఎండిన గింజ పంటి కింద టక్కుమంటుంది, పచ్చిది అణిగిపోతుంది. ఆ రెంటి నడుమ ఉన్న మెట్లన్నీ ఆమె దవడకు తెలుసు.

పెళ్ళయి మిర్యాలగూడ వచ్చాక ఒకరోజు భర్త ధనుంజయ్‌కు అన్నం తీసుకుని మిల్లుకు వెళ్ళింది. ధనుంజయ్ అక్కడ కాంటా దగ్గర తూకం వేసేవాడు. ఆ పూట మిషన్ పద్నాలుగు చూపిస్తుంటే, ఒక గింజ కొరికి "కాదు, పద్దెనిమిది" అంది. అందరూ నవ్వారు. సాయంత్రం మిషన్ బాగుచేసే మనిషి వచ్చి, అది నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తోందని తేల్చాడు. మర్నాటి నుంచే స్వరూపకు ఉద్యోగం. భార్యకూ భర్తకూ చెరి మూడు వేలు జీతం.

పెళ్ళయిన ఆరేళ్ళకు, రెండువేల తొమ్మిది డిసెంబరులో, వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. పురుడు సూర్యాపేటలో పుట్టింట్లోనే. ఇక చూడండి వీరేశం సేటు మంచితనం! ఇరవై ఒకటో రోజు తొట్టెలకు చీర పంపాడు, పాతిక కిలోల సన్నబియ్యం పంపాడు. ధనుంజయ్‌ని పిలిచి, తండ్రివయ్యావు, బాధ్యత పెరిగింది అని జీతంలో పదిహేను వందలు పెంచాడు. పెంచి ఊరుకోక, కాంటా దగ్గర్నుంచి తీసి గేటు పక్కన బల్ల ముందు కూర్చోబెట్టాడు. అదే బల్ల. స్వరూప బల్ల.

స్వరూపకు ఇదంతా మూడో నెలలో బిడ్డనెత్తుకుని మిర్యాలగూడ వచ్చాకే తెలిసింది. పుట్టింట్లో ఉన్న మూడు నెలలూ ఆమెకు వేరే బెంగ. బాలింత గట్టివి కొరికితే పళ్ళు కదులుతాయని తల్లి చెనగగింజ కూడా కొరకనివ్వలేదు. మూడు నెలలు పత్యం అన్నం మెత్తగా మింగి మింగి, దవడ మొద్దుబారిపోయిందేమోనని లోలోపల భయం. వచ్చిన రోజే డబ్బాలోంచి నాలుగు వడ్లు తీసి కొరికి చూసుకుంది. పదమూడు. మళ్ళీ నాలుగు కొరికింది. పదమూడే. అప్పుడు గాని ఆమెకు ఊపిరి ఆడలేదు.

మర్నాడు మంచి చీర కట్టుకుని సేటు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా స్వరూపా, పసిపిల్ల తల్లివి. ఈ దుమ్ముల, ఈ ఊకల ఏం కూసుంటవ్?" అన్నాడు సేటు నిజంగానే ప్రేమగా. "ఇంటిపట్టున ఉండి బిడ్డను సూసుకో. పిల్ల నడ్సినంక సూద్దాం తీయి."

"నేను పని చేస్త సేటూ. మా మామ ఇంట్లనే ఉన్నడు..."

"ముసలాయనతోని ఏమైతది? పైసల గురించి పరేషాన్ కాకు. నీ పెనిమిటికి పెంచిన గద. అవెటు పోతయ్, మీ ఇంట్లకే గద వచ్చేది!"

కొట్టే చెయ్యి అయితే అడ్డం పెట్టుకోవచ్చు. ముద్ద పెట్టే చేతిని ఏం చేయాలి? ఒక్కటే బిడ్డ. ఆ బిడ్డ పుట్టినందుకు అయ్యకేమో జీతం పెరిగింది, అమ్మకేమో ఉన్నది పోయింది. ఈ రెండు పనులూ ఒకే నోటితో, ఒకే నవ్వుతో చేశాడు సేటు. దారి పొడవునా ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, అవి ఏడుపో కోపమో ఆమెకే తెలియలేదు.

ఇంతకీ ధనుంజయ్ ఆ బల్ల దగ్గర ఏం చేస్తున్నట్టు? నిజం చెప్పాలంటే, వానాకాలం వడ్లు అయిపోయిన రోజులు కాబట్టి ఏమీ చేయడం లేదు. ఏప్రిల్ వచ్చి యాసంగి కోతలు మొదలైనప్పుడు బండారం బయటపడింది. అతనికి గుట్కా అలవాటు. పదేళ్ళుగా దవడన గుట్కా నానబెట్టిన నోటికి వడ్లగింజైనా ఒకటే, వేపపుల్లైనా ఒకటే. మొదటి రోజే ఇరవై మూడు తేమ ఉన్న ట్రాక్టరును పదిహేడు అని రాసి పంపాడు. సేటు, కొత్త కదా అని ఊరుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం ధనుంజయ్ సైకిలు తొక్కుకుంటూ వగరుస్తూ ఇంటికొచ్చాడు. కిరాయికుండే గది మిల్లు వెనక సందులోనే.

"జర ఇది సూడవే," అంటూ జేబులోంచి దస్తీ తీశాడు. నాలుగు కొసలకు నాలుగు ముళ్ళు. ఒక్కో ముడిలో చారెడు వడ్లు. "నాలుగు బండ్లు నిలవడ్డయ్. ఇది మట్టయ్యది, ఇది నడిగూడెమోళ్ళది. జల్ది చెప్పు, నీకు పుణ్యముంటది."

బిడ్డ ఒళ్ళో పాలు తాగుతోంది. స్వరూప ఒక చేత్తోనే ముడి విప్పి గింజలు నోట్లో వేసుకుంది. చెప్పకూడదనే అనుకుంది. కానీ నెలల తరబడి పని కోసం వాచిపోయిన దవడ ఆగితేనా? పంటి కింద గింజ విరగగానే నోరు దానంతటదే అంది: "పద్దెనిమిది." తర్వాత ఇరవై ఒకటి. తర్వాత పదహారు. తర్వాత మళ్ళీ ఇరవై ఒకటి. అతను వేళ్ళ మీద గుర్తుపెట్టుకుంటూ పరుగెత్తాడు. స్వరూపకు ఒక్క క్షణం ఎంతో హాయిగా అనిపించింది. మరుక్షణం తన పనిని తానే దొంగతనంగా చేసినట్టు అనిపించి సిగ్గేసింది.

అలా మొదలైంది. నాలుగు ముళ్ళు, నాలుగు బండ్లు. నలభై ట్రాక్టర్లు వస్తే రోజుకు పది సార్లు. ధనుంజయ్ వచ్చి గుమ్మంలో నిలబడి దస్తీ విప్పేవాడు, అంకెలు తీసుకుని పోయేవాడు. సైకిలు స్టాండు కూడా వేసేవాడు కాదు, గోడకు ఆనించేవాడు.

మిల్లులో దీన్ని ఎలా అర్థం చేసుకున్నారో వింటే మీరు నవ్వుతారు. పదిసార్లు ఇంటికి పరుగెత్తే మనిషిని చూసి సేటు పొంగిపోయాడు. "బిడ్డను సూడకుంట గంటసేపు ఉండలేడు. తండ్రంటే గట్లుండాలె," అని వచ్చే పోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. అదే స్వరూప రెండుసార్లు పాలివ్వడానికి ఇంటికెళ్ళి ఉంటే, ఆడవాళ్ళను పెట్టుకుంటే ఇదే తంటా అనేవాడు. ధనుంజయ్ మాత్రం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఆ పొగడ్తలన్నీ మింగేవాడు. తేమ లెక్కలు తప్పడం లేదు, నూక పడడం లేదు, పైగా బిడ్డంటే ప్రాణం. ఇంతకంటే మంచి పనివాడు ఏ సేటుకు దొరుకుతాడు?

ఇదంతా ఇంట్లో మరొకరు చూస్తూనే ఉన్నారు. ధనుంజయ్ తండ్రి బీరన్న. మాడుగులపల్లిలో గొర్రెల మంద ఉన్న మనిషి. పొట్టేలు పొడిచి మోకాలు చిప్ప జరిగితే, వారం వారం దవాఖానకు చూపించుకోవాలని కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నాడు. మందను ఆయన భార్య అచ్చమ్మ తోలుకుపోతోంది. యాభై ఏళ్ళు గొర్రెల వెంట తిరిగిన మనిషికి నాలుగు గోడల మధ్య ఏం తోస్తుంది? మనవరాలు ఏడిస్తే నాలుక కొట్టి, గొర్రెలను అదిలించినట్టు "ట్ర్ ర్ ర్" అనేవాడు. పిల్ల ఠక్కున ఏడుపు మానేసి ఆయన మీసాల వంక చూసేది.

కోతలు సగమయ్యేసరికి ఒకరోజు ధనుంజయ్ మిర్చి బజ్జీల పొట్లంతో, ముఖమంతా వెలుగుతో వచ్చాడు. వీరేశం సేటు కోదాడలో ఇంకొకాయనతో కలిసి కొత్త మిల్లు పెడుతున్నాడు. అక్కడ వడ్లు కొనే పనంతా ధనుంజయ్ చేతిలో పెడతాడట. ఎనిమిది వేలు జీతం, ఉండటానికి గది. కోదాడ భాగస్తుడు రామనర్సయ్య రేపే వచ్చి ఇతని పనితనం చూసిపోతాడట.

"మంచిదే," అంది స్వరూప. "కోదాడల దస్తీ ఎవలకు తెస్తవ్?"

"నిన్ను తీస్కపోత గద."

"తీస్కపోయి ఏడ దాస్తవ్? మిల్లు గోడెన్కనా?"

"గట్ల మాట్లాడ్తవేందే? మన మంచికే గద. జీతం ఎవ్వలికొస్తే ఏంది?"

సేటు అన్న మాటే మొగుడి నోట కూడా వచ్చేసరికి స్వరూపకు ఎక్కడలేని కోపం వచ్చింది. రెండు నెలలుగా దిగమింగినదంతా పైకి తన్నుకొచ్చింది.

"నీకేమో తండ్రివైనవని జీతం, పేరు, ఇప్పుడు కోదాడ. నాకేమో గుమ్మంల కూసొని దొంగతనంగ కొరుకుడు. పోనీ గా తండ్రివన్న అయినవా? రోజుకు పదిసార్లు వస్తవ్. పిల్ల మొఖం ఒక్కసారన్న సూసినవా?"

"సూడక?"

"అయితే చెప్పు. దాని చెవులకు ఏమున్నయ్?"

ధనుంజయ్ తొట్టె వైపు తల తిప్పబోయాడు. స్వరూప అడ్డం నిలబడింది. "సూసి కాదు, సూడకుంట చెప్పు."

"ఏముంటయ్... ఏం లెవ్వు."

"ఎనిమిది రోజులైంది చెవులు కుట్టిచ్చి! కంసాలాయన దగ్గరికి నేను, మామ పోయి కుట్టిచ్చుకొచ్చినం. రెండు రోజులు చెవులు వాసి ఏడ్సింది. గుమ్మంల నిలవడి ఇరవై ఒకటి, పదహారు అనుకుంట పోయిన మనిషివి, నీకు ఏడుపన్న ఇనవడలే."

బజ్జీలు చల్లారిపోతున్నాయి. మూలన గొంగడి మీద కూర్చున్న బీరన్న తొట్టె తాడు అందుకుని ఊపాడు.

"రేపటి సంది నా పండ్లు బంద్," అంది స్వరూప. "నీ నోరు, నీ గింజలు, నీ కోదాడ."

పొద్దున ధనుంజయ్ దస్తీ జేబులో పెట్టుకోకుండానే మిల్లుకు వెళ్ళాడు. వెళ్ళేముందు తొట్టె దగ్గర కాసేపు నిలబడ్డాడు కానీ, పిల్ల బోర్లా పడుకుని ఉంది. అతను సందు మలుపు తిరిగేదాకా స్వరూప తలుపు దగ్గరే నిలబడింది. నిన్నటి కోపం నిన్ననే ఉండిపోయింది, ఇవాళ భయం పట్టుకుంది. పదిమంది ముందు అతను తప్పు చెప్తే కోదాడ పోవడం ఒక్కటే కాదు, ఇన్నాళ్ళ మోసం బయటపడి ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. ఇక జన్మలో ఆ గేటు లోపల తననూ కాలు పెట్టనివ్వరు. చెప్పకపోతే ఇల్లు మునుగుతుంది, చెప్తే తాను గుమ్మంలోనే మిగిలిపోతుంది. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు.

బీరన్న చేతికర్ర పట్టుకుని లేచాడు. "పోదాం పా బిడ్డా."

"యాడికి మామా?"

"మిల్లుకు. నువ్వు ఈడుండి ఆగుతవా?"

"పిల్ల?"

"నేను లేనా!" అంటూ ఆయన గొంగడిని భుజం మీద మడతేసి, ఆ మడతలో మనవరాలిని పడుకోబెట్టుకున్నాడు. కుంటుతూనే ముందు నడిచాడు. ఎండ అప్పుడే చురచురమంటోంది. అంత లావు ఉన్ని గొంగట్లో పిల్ల ఉడికిపోతుందని స్వరూప అంటే, "చలికి చలినాపుతది, ఎండకు ఎండనాపుతది, ఏమనుకున్నవ్ గొంగడంటే!" అన్నాడు.

వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి రేకుల కింద జనం మూగి ఉన్నారు. స్వరూప బల్ల మీద ఐదు స్టీలు పళ్ళాలు, ఐదింట్లో వడ్లు. ఒక కుర్చీలో వీరేశం సేటు, పక్క కుర్చీలో తెల్లచొక్కా పెద్దమనిషి. ఆయనే రామనర్సయ్య. ఎదురుగా ధనుంజయ్ నిలబడి మొదటి పళ్ళెంలో గింజలు నములుతున్నాడు. నుదుటి మీద చెమట కారుతోంది. స్వరూప బస్తాల చాటున ఆగిపోయింది.

"ఏమయ్యా, అంతసేపు నములుతున్నావ్? అన్నం అనుకున్నావా?" అన్నాడు రామనర్సయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ధనుంజయ్ చూపు గోడకు ఆనించిన సైకిలు మీదికి పోయింది. వీరేశం సేటు అది కనిపెట్టి మురిసిపోయాడు. "బిడ్డ యాదికొచ్చింది వానికి. రోజూ ఇంతే రామనర్సయ్యా. పోనియ్, ఒకపారి సూసొస్తడు. వచ్చినంక గడియారం లెక్క చెప్తడు సూడు."

దేవుడే దారి చూపించినట్టయింది. గుప్పెడు గుప్పెడు జేబులో వేసుకుని ఇంటికి పోతే చాలు. ధనుంజయ్ వెళ్ళి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. తిరిగాడు. తిరిగేసరికి ఎదురుగా బస్తాల చాటున స్వరూప, ఆమె వెనక గొంగట్లో పిల్లతో తండ్రి. పిల్ల తల బయటికి వాలి ఉంది. ఎండకు దాని చెవిలో ఏదో తళుక్కుమంది.

స్వరూప అతని కళ్ళలోకి చూసింది. ఆ క్షణంలో అతను అడిగితే అక్కడే గింజలు కొరికి వేళ్ళతో సైగ చేసైనా చెప్పేసేదే. అంత జాలి వేసింది. అతను అడగలేదు. ఈసారి సైకిలుకు స్టాండు వేశాడు, నింపాదిగా. వెనక్కి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"సేటూ, నాకు తెల్వదు."

"ఏంది తెల్వంది?"

"వడ్లు కొరికి చెప్పుడు నాకు రాదు. ఈ సీజన్ల మొదటి రోజు తప్ప ఒక్క బండిది గూడ నేను చెప్పలే." ముందున్న పళ్ళెం పక్కకు జరిపాడు. "నేను బిడ్డ కోసం ఇంటికి పోలే సేటూ. బిడ్డకు చెవులు కుట్టిచ్చిన్రని నాకు నిన్ననే తెల్సింది. దస్తీల వడ్లు కట్టుకొని పోయిన. కొరికింది, చెప్పింది అంతా మా స్వరూప."

వీరేశం సేటు ముఖం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడింది.

"అంటే... నన్ను పిచ్చోణ్ణి చేసిన్రా ఇద్దరు కలిసి? పదిసార్లు పోతుంటే నేను ఊరంత చెప్పుకుంటి!"

"పిచ్చోడివెలా అవుతావయ్యా వీరేశం? మొదటి రోజు తర్వాత ఒక్క బండి కూడా తప్పు పోలేదని నువ్వే చెప్పావుగా, నష్టమేముంది నీకు?" అన్నాడు రామనర్సయ్య. ఆయనకు ఇదంతా సరదాగా ఉన్నట్టుంది. "ఏమ్మా, స్వరూపవు నువ్వేనా? ఇలా రా. నువ్వు చెప్పు చూద్దాం."

స్వరూప కొంగు నడుముకు దోపి తన బల్ల ముందుకు వచ్చింది. ఐదు నెలల తర్వాత ఆ బల్ల మీద చెయ్యి పెట్టింది. మొదటి పళ్ళెంలోంచి నాలుగు గింజలు తీసి దవడ కింద పెట్టింది. "పద్దెనిమిది." రెండోది. "పద్నాలుగు. ఇది పాత వడ్లు, బస్తాల నిల్వ ఉన్నయి." మూడోది. "ఇరవై రెండు." నాలుగోది. "పదహారు." ఐదోది కొరికి ఆగింది. మళ్ళీ నాలుగు గింజలు కొరికింది. వీరేశం సేటు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇది ఇంకో రకం కాదు సేటూ," అంది. "మూడోది, ఇది ఒక్కటే బస్తల వడ్లు. మమ్మల్ని పరీక్షకు పెట్టిన్రు."

రామనర్సయ్య జేబులోంచి మిషన్ అంకెలు రాసుకున్న చీటీ తీసి సరిచూసుకుని, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మా కోదాడలో నా పాత మిల్లులో ముగ్గురున్నారు ఈ పనికి. ఒక్కడూ పట్టుకోలేదు ఆ ఐదోది," అన్నాడు మెల్లగా. హమాలీలు ఈలలు వేశారు.

వీరేశం సేటు కోపం సగం దిగింది కానీ పట్టు దిగలేదు. "ఆమె పనితనం నేనెప్పుడన్న కాదన్ననా? పసిపిల్ల తల్లి, ఎట్ల వస్తది అని గద నా బాధ! పిల్ల ఏడుస్తది, మాటిమాటికి లేస్తది..."

అప్పటిదాకా కర్ర మీద ఆనుకుని నిలబడిన బీరన్న ముందుకు వచ్చాడు.

"సేటూ, నేను గొర్లు కాసేటోణ్ణి, నాకు మిల్లుల సంగతి తెల్వదు. ఒక్కటడుగుత. ఈనిన గొర్రెను మందలకెల్లి ఎవడన్న ఎల్లగొడ్తడా?"

"గొర్రెల ముచ్చట ఇప్పుడెందుకు పెద్దాయనా?"

"ఎందుకంటే, మేం గట్ల చేస్తే మాకు మందనే ఉండకపోవు. గొర్రె ఈనిందంటే మంద పెరిగినట్టు. పిల్ల నడవకుంటె గొంగట్ల ఏసుకొని మేం మోస్తం, తల్లి ఎప్పటి లెక్కనే మేస్తది. పాలకు అరిస్తె తీస్కపోయి తల్లి దగ్గర ఇడుస్తం, తాగినంక మల్ల ఎత్తుకుంటం. మొయ్యెటోడు ఉండాలె గని, తల్లిదేం తప్పు? ఇగో, నేనున్న. మోకాలు గింతే, ఇగ గొర్ల ఎంబడి పోయేది లేదు. ఈ చెట్టు కింద కూసుంట."

ఆయన గొంగడి మడత తీసి చూపించాడు. పిల్ల ఆదమరిచి నిద్రపోతోంది. వీరేశం సేటు దాన్ని చూశాడు, పళ్ళాలను చూశాడు, రోడ్డు మీద వరసగా ఆగిపోయిన ట్రాక్టర్లను చూశాడు. వాటిలో ఒక డ్రైవరు అప్పటికే హారన్ కొడుతున్నాడు.

"సరే తీయి. నీ బల్ల నీకే," అన్నాడు చివరికి. "పాత జీతమే. ధనుంజయ్ మల్ల కాంటా మీదికి పోతడు. వానికి పెంచింది కట్."

బల్ల దొరికింది. అంతే చాలు, దండం పెట్టి కూర్చోమని మనసు చెప్పింది. కానీ ఇన్నాళ్ళు గుమ్మంలో కూర్చున్న మనిషి ఇంకా లోపల ఉంది. ఆమె ఊరుకోలేదు.

"సేటూ, ఆయనకు జీతం ఎందుకు పెంచిన్రు మీరు?"

"తండ్రయిండని పెంచిన."

"మరి ఆయన ఇయ్యాల తండ్రి కాకుంట పోయిండా?"

సేటు రోడ్డు మీది ట్రాక్టర్ల వైపు చూశాడు.

"ఆయనకు బిడ్డ పుట్టిందని పదిహేను వందలు పెంచిన్రు. ఆ బిడ్డ నాకు గూడ పుట్టింది సేటూ. మాట వరసకు చెప్తున్న, ముందు నాకే పుట్టింది."

ముందు నవ్వింది రామనర్సయ్య. తర్వాత హమాలీలు, తర్వాత వరసలో ట్రాక్టర్ల మీదున్న రైతులు. వీరేశం సేటు బింకంగా కుర్చీలోంచి లేచాడు. చెడ్డవాడు కాదు కదా పాపం, ఆ మాట అతనికీ తగిలింది. "ఇద్దరికీ అంతే. నాలుగున్నర, నాలుగున్నర. ఇగ ఖతం. బండ్లు ఆపకుండ్రి!" అని చెయ్యి ఊపాడు.

రామనర్సయ్య లేచి వెళుతూ బల్ల దగ్గర ఆగాడు. "అమ్మాయ్, కోదాడ వస్తావా? ఆ ఎనిమిది వేలు నీకే ఇస్తాం."

స్వరూప వీరేశం సేటు వైపు చూసి, ఆయన ఒకప్పుడు ఎంత ప్రేమగా అన్నాడో అంత ప్రేమగా అంది: "పిల్ల నడ్సినంక సూద్దాం లెండి."

ఆ పూట ఇరవై ఏడు ట్రాక్టర్లు చూసింది. మధ్యలో పిల్ల అరిచినప్పుడు బీరన్న తీసుకొచ్చాడు. ఆమె బస్తాల వెనక్కి వెళ్ళి పాలిచ్చి వచ్చింది. మొదటిసారి లేచినప్పుడు వీరేశం సేటు గోడ గడియారం వైపు చూడబోయి, ఏదో గుర్తొచ్చినట్టు తల దించుకుని పేపరు తిరగేశాడు. స్వరూప అది చూసింది. మెడ మీద ఊక అంటుకుని దురద పెడుతున్నా, ఆ దురద కూడా తనదే అనిపించి నవ్వొచ్చింది.

పగలు ఒంటిగంటకు కాంటా ఆగింది. ధనుంజయ్ పంపు దగ్గర చేతులు కడుక్కుని, గుట్కా ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, చెట్టు కిందికి నడిచాడు. తండ్రి ముందు చేతులు చాపాడు. బీరన్న ఒకసారి కొడుకును ఎగాదిగా చూసి పిల్లను అందించాడు. కొత్త చేతులు కావడంతో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అతను బెదిరిపోయి అటూ ఇటూ ఊపాడు. చివరికి తండ్రిని చూసి తానూ నాలుక కొట్టి "ట్ర్ ర్ ర్" అన్నాడు. పిల్ల ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది. అతను దాన్ని దగ్గరికి తీసుకుని, ఒక చెవి, తర్వాత రెండో చెవి, వేలితో తాకీ తాకనట్టు తాకి చూశాడు.

"స్వరూపా!" అని అక్కణ్ణుంచే కేకేశాడు. "బంగారు తీగెలు. కింద పచ్చ పూసలు!"

స్వరూప నోట్లో గింజలున్నాయి. తల మాత్రం ఊపింది. రోజుకు పదిసార్లు ఇంటికొచ్చిన మనిషి ఇవాళ చెట్టు కిందికి ఒక్కసారే వచ్చాడు. బిడ్డను చూడడానికే వచ్చాడు.